సుత్తికి లొంగని హబ్బు

పాత జీపుల రిపేరు వీడియోలు చూడటం నాకున్న చెడు అలవాట్లలో ఒకటి. అమెరికా క్లయింట్‌తో రాత్రి కాల్ అయిపోయాక నిద్ర పట్టదు, ఫోన్ చేతిలో ఉంటుంది, ఇంకేముంది! ఆ వీడియోల్లో వెనక చక్రం హబ్బు ఊడే సీను ఎప్పుడూ 4 సెకన్లే. సుత్తి దెబ్బ, 'ఠాప్' అని శబ్దం, డ్రమ్ము చేతిలో. దానికి ముందు ఏం జరిగిందో మాత్రం ఎడిటింగ్‌లో ఎగిరిపోతుంది. మా పెదనాన్న జీపు దగ్గర ఆ 4 సెకన్లు రావడానికి శనివారం పొద్దుటి నుంచి ఆదివారం తెల్లవారుజాము దాకా పట్టింది. ఈ వారం కాలమ్ ఆ ఎగిరిపోయిన భాగం గురించే.

ముందు బండి సంగతి. అది మహీంద్రా సీజే-3బీ, 1970ల నాటిది. పెదనాన్న ప్రభుత్వ వేలంలో పాడుకున్నాడు. నూజివీడు దగ్గర మామిడి తోటలో కాయల ట్రేలు మోసింది, ఊళ్లో పెళ్లికొడుకుల్ని మోసింది, వర్షాకాలంలో బురదలో దిగబడ్డ ట్రాక్టర్లను లాగింది. ఈ మోడల్ అమెరికాలో విల్లీస్ కంపెనీది, 1953లో వచ్చింది. పాతదానికంటే ఎత్తయిన ఇంజిన్ పెట్టాల్సి వచ్చి బోనెట్ పైకి లేపారు, అందుకే దాని మొహం కొంచెం కనుబొమ్మలు ఎగరేసినట్టు ఉంటుంది. అక్కడ 1968లో ఆపేశారు. మన దేశంలో మాత్రం మహీంద్రా వాళ్లు ఆ తర్వాత కూడా చాలాకాలం చేశారు.

ఇప్పుడు సమస్య. వెనక కుడి చక్రం లోపలి వైపు నల్లగా నూనె కారుతోంది. వాసన చూస్తే గేర్ ఆయిల్. అంటే ఇరుసు గొట్టం చివర ఉండే ఆయిల్ సీలు పోయింది, ఆ నూనె బ్రేకు లైనర్ల మీద పడుతోంది. బ్రేకు నొక్కితే బండి ఎడమకి లాగుతుంది. తోటలోంచి రోడ్డెక్కే చోట ఒక దిగుడు ఉంది. అక్కడ రెండుసార్లు అన్నయ్య గుండె ఆగినంత పనైందట. ఇక వాడు తేల్చేశాడు: "బ్రేకు పడని బండిలో పిల్లల్ని ఎక్కించను. తుక్కు వాడికి కిలోల లెక్కన ఇచ్చేద్దాం." పెదనాన్న ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే బాధపడ్డాడని అర్థం. నేను అన్నయ్య వైపే. బండి మీద ప్రేమ వేరు, బ్రేకు వేరు. పైగా 15 ఏళ్లు దాటిన ప్రైవేటు బండికి ప్రతి 5 ఏళ్లకూ రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది కదా, ఆ గడువూ దగ్గర పడింది. బ్రేకు లేకుండా తీసుకెళ్లి ఏమని చూపిస్తాం?

సీలు ఖరీదు టిఫిన్ ఖర్చంత. కానీ సీలు మార్చాలంటే ఇరుసు బయటికి లాగాలి. ఇరుసు రావాలంటే హబ్బు, డ్రమ్ము కలిపి ఒకే ముద్దగా ఊడాలి. ఆ ముద్ద ససేమిరా అంటోంది. ఊళ్లో ఒక మెకానిక్ రెండు రోజులు కుస్తీ పట్టి, "దీన్ని దేవుడు కూడా ఊడదీయలేడు" అని చెప్పి వెళ్లిపోయాడు. పేరెందుకులెండి, ఆయన పడ్డ కష్టం ఇరుసు చివర కనిపిస్తూనే ఉంది. సమ్మెట దెబ్బలకి ఆ చివర పుట్టగొడుగులా విచ్చుకుంది.

అసలు ఎందుకు రాదు? తుప్పు అని అందరూ అంటారు. తుప్పు సగం కారణమే. ఈ జీపు వెనక ఇరుసు చివర సూటిగా ఉండదు, క్యారెట్‌లా సన్నబడుతుంది. హబ్బు లోపలి రంధ్రమూ అదే వాలులో ఉంటుంది. బయట నుంచి పెద్ద నట్టు బిగించే కొద్దీ హబ్బు ఆ వాలు మీదికి ఎక్కి కరుచుకుంటుంది. పక్కనే గాడిలో ఒక చిన్న ఉక్కు కీ ఉంటుంది, కానీ చక్రాన్ని తిప్పే బలంలో ఎక్కువ భాగం మోసేది ఆ కరుచుకున్న పట్టే. అంటే అది ఇరుక్కుపోవడం లోపం కాదు, దాని ఉద్యోగమే అది. 40 ఏళ్లు నిజాయితీగా డ్యూటీ చేసిన దాన్ని మనం మొండిది అంటున్నాం.

నేనీ థియరీ అంతా వసారాలో కూర్చుని చెప్తుంటే పెద్దమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. "స్టీలు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాయి చూడు, అదేగా?" అదే! సరిగ్గా అదే. గ్లాసులు ఇరుక్కుంటే మనం ఏం చేస్తాం? లోపలి గ్లాసులో చల్లనీళ్లు పోసి, బయటి గ్లాసుని వేణ్ణీళ్లలో పెడతాం. సుత్తితో కొట్టం.

సుత్తి ఎందుకు వద్దో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పది మందిలో తొమ్మిది మంది చేసేది అదే. ఈ ఇరుసులో కుడి షాఫ్టు, ఎడమ షాఫ్టు వేరువేరు ముక్కలు. మధ్యలో డిఫరెన్షియల్ లోపల ఆ రెండింటి చివరలకీ మధ్య ఒక చిన్న దిమ్మ ఉంటుంది. కుడి వైపు నుంచి సమ్మెటతో కొడితే ఆ దెబ్బ షాఫ్టులోంచి దిమ్మకి, దిమ్మ నుంచి ఎడమ షాఫ్టుకి, అక్కడి నుంచి ఎడమ చక్రం బేరింగ్‌కి పోతుంది. కుడి హబ్బు మాత్రం షాఫ్టుతో పాటే కదులుతుంది కాబట్టి దానికి పెద్దగా తెలియదు. అంటే కొట్టింది ఒకణ్ణి, ఏడ్చింది ఇంకొకడు. పోనీ డ్రమ్ము అంచు మీద కొడదామా అంటే అది పోత ఇనుము, పగులుతుంది.

పుల్లర్ అలా కాదు. దాని కాళ్లు హబ్బుని పట్టుకుంటాయి, మధ్య స్క్రూ ఇరుసు చివర మీద నొక్కుతుంది. బలం అంతా హబ్బుకీ ఇరుసుకీ మధ్యే తిరుగుతుంది, డిఫరెన్షియల్‌కి ఈ గొడవతో సంబంధం ఉండదు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే బగ్ ఉన్న ఫంక్షన్‌నే ముట్టుకుంటాం, సర్వర్ మొత్తాన్ని రీస్టార్ట్ చెయ్యం.

రెడీమేడ్ మూడు కాళ్ల పుల్లర్‌లు దొరుకుతాయి. షాపుల్లో కనిపించే సన్నవి కొనకండి. కాళ్లు గోడకానించిన గొడుగు ఊచల్లా వంగుతాయి. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రికి ముందే వాట్సాప్‌లో కొలతలు పంపాను. శనివారం పొద్దున్నే హైదరాబాద్ బస్సు దిగి నేరుగా అక్కడికే వెళ్లాను. ఆయన నన్ను చూడగానే అడిగిన మొదటి మాట: "బాబూ, ఫొటో సరే, వీల్ నట్టు తెచ్చావా?" తెచ్చాను. దాన్ని బెజ్జాల్లో పెట్టి చూసి గానీ ఆయన తలూపలేదు. 20 ఎంఎం ఉక్కు పలక, అందులో 139.7 ఎంఎం వలయం మీద 5 బెజ్జాలు, మధ్యలో మర. స్క్రూకి మామూలు రాడ్డు వద్దని ఈఎన్8 వాడాడు. ఈ 5 బెజ్జాల కొలతే మారుతి జిప్సీకి కూడా, అదొక బోనస్. డబ్బులిచ్చి బయల్దేరుతుంటే వెనక్కి పిలిచి ఇంకో మాట చెప్పాడు. "ఇరుసు నట్టు మొత్తం తియ్యకు నాయనా. నాలుగు మరలు ఉంచు. హబ్బు వచ్చేటప్పుడు చెప్పి రాదు."

తోటకి చేరేసరికి పది దాటింది. ఇక్కడ ఒక విషయం, దయచేసి స్కిప్ చెయ్యొద్దు. ఈ రకం జీపుల్లో హ్యాండ్ బ్రేక్ చక్రాల దగ్గర ఉండదు. గేర్ బాక్స్ వెనక, ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర ప్రొపెల్లర్ షాఫ్టు మీద ఉంటుంది. రెండు వెనక చక్రాలూ నేల మీద ఉన్నంతసేపే అది బండిని ఆపుతుంది. ఒక చక్రం జాకీ మీద లేపారా, డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం ఒకవైపు, నేల మీద ఉన్నది ఇంకోవైపు తిరిగి, బండి హ్యాండ్ బ్రేక్ వేసి ఉన్నా జాకీ మీద నుంచి జారిపోతుంది. గేర్‌లో ఉంచినా టూ-వీల్ డ్రైవ్‌లో అదే కథ. కాబట్టి ముందు చక్రాలకి రెండు వైపులా రాళ్లు, ఇరుసు కింద గట్టి స్టాండు. ఇటుకలు కాదు. ఇటుక పగిలేటప్పుడు ముందుగా నోటీసు ఇవ్వదు.

ఇంకోటి, విల్లీస్ వంశం జీపుల్లో ఎడమ వైపు చక్రాల నట్లకి తిరగేసిన మర ఉంటుంది. వదులు చేద్దామని మామూలుగా తిప్పితే బిగుసుకుంటాయి. స్టడ్ చివర 'ఎల్' అక్షరం చెక్కి ఉందేమో చూడండి. ఈ సంగతి తెలియక పానా మీద నిలబడి ఊగి స్టడ్‌లు తెంపుకున్న వాళ్లు చాలామంది.

విచ్చుకున్న ఇరుసు చివరని ఆకురాయితో సాపు చేసి, నట్టు కదిలే స్థితికి తేవడానికే గంటన్నర పట్టింది. స్ప్లిట్ పిన్ తీశాం. నట్టు రెండు చుట్లు వదులు చేశాం. ముందు పైసా ఖర్చు లేని పాత చిట్కా ప్రయత్నించాం. చక్రం మళ్లీ ఎక్కించి, తోటలో చదునుగా ఉన్న ఖాళీ జాగాలో, మనుషుల్నీ కుక్కల్నీ దూరంగా ఉంచి, మొదటి గేర్‌లో మెల్లగా ఎనిమిది అంకెలా తిప్పడం. బండి బరువూ, మలుపుల్లో పక్కకి తోసే బలమూ కలిసి చాలా హబ్బుల్ని అక్కడే వదిలించేస్తాయి. నట్టు ఉంటుంది కాబట్టి చక్రం ఊడిపోదు. అన్నయ్య పావుగంట తిప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెదనాన్న మాత్రం చాలా రోజుల తర్వాత జీపు శబ్దం విని మంచం మీద లేచి కూర్చున్నాడు.

అప్పుడు పలక బిగించాం. స్క్రూ మరలకి గ్రీజు దట్టంగా పూశాం. ఇది అలంకారం కాదు, లెక్క చూడండి. పానా పొడవు 30 సెంటీమీటర్లు అయితే దాని చివర ఒక చుట్టు తిరిగే దూరం దాదాపు 1,885 మిల్లీమీటర్లు. ఆ ఒక్క చుట్టుకి స్క్రూ ముందుకు జరిగేది 2 మిల్లీమీటర్లు. అంటే మన బలం 900 రెట్లు పైనే పెరగాలి. మరల్లో ఘర్షణ అందులో ఎనభై తొంభై శాతం మింగేస్తుంది. అయినా 20 కిలోల తోపుకి 2 టన్నుల లాగుడు మిగులుతుంది. గ్రీజు లేకపోతే ఆ మిగిలేదీ తగ్గి, స్క్రూ మరలు కాలిపోయినట్టు పట్టేస్తాయి.

నట్టుని ఇరుసు చివరతో సమానంగా ఉంచాం, మరలకి కాపలాగా. పానాకి పైపు తగిలించి లాగితే స్క్రూ కాస్త తిరిగి ఆగింది. చిన్న సుత్తితో పానా పక్కన కొడుతూ ఇంకో పావు చుట్టు. పానాని తిప్పడానికి కొట్టొచ్చు, స్క్రూ తల మీద నేరుగా కొట్టకూడదు. అలా కొడితే మళ్లీ ఆ పాత దిమ్మ కథే.

పెనిట్రేటింగ్ ఆయిల్ సంగతి అడుగుతారు. వేశాం. కానీ అంత గట్టిగా కరుచుకున్న వాలులోకి నూనె దూరడానికి దారి ఒక్కటే, ఆ కీ గాడి. దాని మీద పెద్దగా ఆశలు పెట్టుకోకండి. వేడి మీద పెట్టుకోండి. అయితే గ్యాస్ టార్చ్ జోలికి మేం వెళ్లలేదు. లోపల గేర్ ఆయిల్‌లో నానిన బ్రేకు లైనర్లు, పైన చల్లిన స్ప్రే, అవతల పెట్రోల్ ట్యాంకు! పెద్దమ్మ కట్టెల పొయ్యి మీద రెండు బిందెల నీళ్లు మరగబెట్టింది. ఇరుసు చివర నట్టు చుట్టూ తడిగుడ్డ, గుడ్డ మీద ఐసు ముక్కలు. హబ్బు చుట్టూ మరుగుతున్న నీళ్లు. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే మీటరుకి 12 మైక్రాన్లు సాగుతుంది. రంధ్రం 30 మిల్లీమీటర్లు, ఇరుసుకీ హబ్బుకీ తేడా 60 డిగ్రీలు అనుకుంటే, రంధ్రం పెరిగేది మిల్లీమీటర్‌లో యాభయ్యో వంతు. మన ప్రింటర్ కాగితం మందంలో ఐదో వంతు. నవ్వొస్తుంది కదా? వాలు మీద కూర్చున్న దానికి అంత సందు కూడా పెద్దదే. మన ఊళ్లల్లో ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే కమ్మరి కాల్చి ఎక్కించి నీళ్లు పోసి బిగించేది ఈ సూత్రంతోనే. మేం దాన్ని తిరగేసి వాడాం.

రెండు బిందెలు అయిపోయాయి. ప్రతి విడతకీ స్క్రూ ఒక చిన్న ముక్క చుట్టు తిరిగింది. హబ్బు కదల్లేదు. చీకటి పడింది. అన్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని, "రేపు తుక్కు వాడికి ఫోన్ చేస్తా" అన్నాడు. లేత్ మేస్త్రికి ఫోన్ చేశాను. "బిగింపు అలాగే వదిలేసి పడుకోండి బాబూ. ఇనుముకి కూడా ఆలోచించుకోడానికి టైమివ్వాలి" అన్నాడు. సైన్సులో ఈ మాటకి చోటు లేకపోవచ్చు గానీ, రాత్రి ఉష్ణోగ్రత పడిపోతుంది, బిగువు మాత్రం తగ్గకుండా నొక్కుతూనే ఉంటుంది. పిల్లలెవరూ దగ్గరికి పోకుండా చుట్టూ తాడు కట్టి, డ్రమ్ము ముందు మామిడి ట్రేలు అడ్డం పేర్చి పడుకున్నాం.

తెల్లవారుజామున ఐదు కూడా కాలేదు. తుపాకీ పేలినట్టు ఒక్కటే శబ్దం. చెట్ల మీద కాకులన్నీ లేచాయి. నేను లేచేసరికి పెదనాన్న అప్పటికే టార్చి పట్టుకుని జీపు దగ్గర ఉన్నాడు. హబ్బు సరిగ్గా నట్టు దాకా వచ్చి ఆగింది. ఆ నాలుగు మరలు లేకపోతే పుల్లర్ పలకతో సహా ఆ బరువంతా ట్రేలలోకి దూసుకెళ్లేది. పెదనాన్న హబ్బుని చేత్తో అటూ ఇటూ కదిపి చూసి, "వచ్చిందిరా" అన్నాడు. అంతే అన్నాడు.

లోపల దృశ్యం గురించి ఎక్కువ చెప్పను. లైనర్లు నూనెలో వేసిన బూరెల్లా ఉన్నాయి. సీలు రబ్బరు అప్పడంలా విరిగింది. చాలా చోట్ల లైనర్లని పెట్రోల్‌తో కడిగో, కాల్చో మళ్లీ వేస్తారు. వద్దు. నూనె లోపలి దాకా ఇంకి ఉంటుంది, నాలుగు బ్రేకులు వేడెక్కగానే మళ్లీ పైకి తేలుతుంది. కొత్తవే వేయండి, అదీ రెండు వైపులా ఒకేసారి. లేకపోతే బండి ఏదో ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది. ఇంకా ముఖ్యం, డ్రమ్ములోని దుమ్ముని నోటితోగానీ కంప్రెసర్‌తోగానీ ఊదొద్దు. పాతకాలం లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్లీ బయటికి రాదు. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని కవర్లో కట్టి పారేశాం.

కానీ సీలు ఎందుకు పోయింది? వయసు అనుకుని వదిలేస్తే ఆర్నెల్లలో కొత్తదీ కారుతుంది. ఇరుసు గొట్టం మీద ఒక చిన్న బ్రీదర్ ఉంటుంది, లోపలి గాలి వేడెక్కినప్పుడు బయటికి పోయే దారి. మా దాంట్లో అది బురదతో సిమెంటు వేసినట్టు మూసుకుపోయింది. గాలి పోవడానికి దారి లేక, నూనెని సీలు మీదికి తోస్తోంది. ఒక సన్న తీగ, కాస్త కిరసనాయిలుతో దాన్ని శుభ్రం చెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఇంత రామాయణానికీ మూలం అది!

ఎడమ వైపు హబ్బు అదే పలకతో 40 నిమిషాల్లో వచ్చేసింది. దానికి సమ్మెట దెబ్బలు తగల్లేదు మరి.

జిప్సీ ఉన్నవాళ్లు కంగారు పడకండి, మీ వెనక డ్రమ్ముకి ఇంత కథ లేదు. డ్రమ్ము మొహం మీద రెండు మర బెజ్జాలు ఉంటాయి. వాటిలో ఎం8 బోల్టులు రెండు పెట్టి, చెరో అర చుట్టు చొప్పున సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి జరుగుతుంది. హ్యాండ్ బ్రేక్ తీసి ఉంచడం మర్చిపోకండి, అది అక్కడ చక్రాల దగ్గరే ఉంటుంది.

తిరిగి బిగించేటప్పుడు అన్నయ్య గ్రీజు డబ్బా పట్టుకొచ్చాడు, "ఈసారి ఈజీగా ఊడేలా వాలు మీద కాస్త పూద్దాం" అని. మంచి ఉద్దేశమే, కానీ ప్రమాదం. అక్కడ పని చేసేది ఘర్షణే కదా. జిడ్డు ఉంటే నట్టు బిగించేకొద్దీ హబ్బు హద్దు దాటి పైకెక్కి, కీ గాడి దగ్గర చీలిపోవచ్చు. వాలు రెండు వైపులా పొడిగుడ్డతో తుడిచాం, గాడి మూలల్లో పగుళ్లు ఉన్నాయేమోనని టార్చి వేసి చూశాం, అరిగిన కీ మార్చాం. నట్టు బిగించాక స్ప్లిట్ పిన్ బెజ్జం సరిగ్గా ఎదురు రాకపోతే ఇంకొంచెం బిగించాలి, వెనక్కి వదులు చెయ్యకూడదు. పాత పిన్ను మళ్లీ వాడటం పిసినారితనం కూడా కాదు, ఇంకేదో.

మధ్యాహ్నం ఆ దిగుడు దగ్గర అన్నయ్య ఒక్కడే నాలుగుసార్లు పైకీ కిందికీ వెళ్లొచ్చాడు. ఐదోసారి కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. తుక్కు వాడి ప్రస్తావన మళ్లీ రాలేదు.

కొత్తగా కూర్చున్న హబ్బు కొన్ని కిలోమీటర్లు తిరిగాక వాలు మీద ఇంకాస్త సర్దుకుంటుంది కాబట్టి నట్టు మరోసారి చూడాలి. 50 కిలోమీటర్లకి ఒకసారి, 200కి ఇంకోసారి అని చెప్పాను. జీపు ఓడోమీటర్ ఎప్పుడో చచ్చిపోయింది. పెదనాన్న బోనెట్ లోపలి వైపు చాక్‌పీస్‌తో గీతలు గీయడం మొదలుపెట్టాడు, తోట నుంచి ఊళ్లోకి ఒక ట్రిప్పుకి ఒక గీత. నిన్న రాత్రి ఫోన్‌లో పదకొండు అని చెప్పాడు.